పరీక్షలు అయ్యేదాకా

మా ఇంట్లో పరీక్షల కాలంలో ఎవరూ చావరు. చచ్చినా రాసేవాళ్ళకి చెప్పరు. నేను విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తున్నప్పుడు మా నానమ్మ పోయింది. ఆఖరి పరీక్ష రాసి, బందరు బస్సు దిగి, నానమ్మకి ఇష్టమని సీసాలో చెరుకురసం పట్టించుకుని ఇంటికి వెళ్తే ఆవిడ ఫొటోకి దండ వేలాడుతోంది. పెద్దకర్మ కూడా అయిపోయింది. "పిల్ల చదువు పాడవకూడదని ఎంత గుట్టుగా లాక్కొచ్చారమ్మా" అని వీధి వీధంతా మా అమ్మనీ నాన్ననీ మెచ్చుకుంది. నేను ఆ సీసా ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాను.

ఈ ఆచారం గురించి ముందే చెబుతున్నాను. తర్వాత జరిగినదానికి సగం కారణం అదే. మిగతా సగం డాక్టర్ నౌషీన్ గారు నా నెత్తిన బోర్లించిన యంత్రం.

నా పేరు హిమబిందు. మా నాన్న నాంచారయ్య బందరు డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను కిర్గిజ్‌స్థాన్‌లో మంచు మీద జారిపడుతూ ఎంబీబీఎస్ చదివి వచ్చాను. బయటి దేశంలో చదివొచ్చినవాళ్ళు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. పాసయ్యేదాకా తలనొప్పికి మాత్ర రాసినా నేరమే. నేను రెండుసార్లు తప్పాను. ఇదివరకు ఎన్నిసార్లయినా రాసుకునేవాళ్ళట. నా తలరాత కొద్దీ కొత్త నిబంధన వచ్చింది. మూడోసారి తప్పితే ఇంక రాయనివ్వరు. చదివిన చదువంతా అటకెక్కినట్టే.

"సరిగ్గా చదవలేదా?" అని అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చదివాను. ముందు టైంటేబుల్ వేసుకునేదాన్ని. పంతొమ్మిది సబ్జెక్టులకి పంతొమ్మిది రంగులు. పొద్దున అనాటమీ, భోజనం అయ్యాక మందుల సంగతి, సాయంత్రం పాత ప్రశ్నలు, ఆదివారం రివిజన్. గోడ మీద అంటించుకుంటే అది చూడ్డానికి ఎంత బాగుండేదంటే, ఇంటికొచ్చినవాళ్ళు "ముగ్గా?" అని అడిగేవాళ్ళు. రెండు రోజులు దాని ప్రకారం నడిచేదాన్ని. మూడో రోజు వెనకబడేదాన్ని. వెనకబడినదాన్ని కలుపుకుని మళ్ళీ కొత్త టైంటేబుల్. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది నా వరస. చదివినది కూడా ఆగేది కాదు. పై పేజీ ఎక్కితే కింది పేజీ దిగిపోయేది. పరీక్ష హాల్లో కూర్చుంటే "ఇది చదివాను, ఎడమ వైపు పేజీలో ఉంది, కింద కాఫీ మరక కూడా ఉంది" అని గుర్తొచ్చేది. సమాధానం మాత్రం గుర్తొచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో విజయవాడలో జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసే ఒక సంస్థ, పోటీ పరీక్షలు రాసేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చింది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. వెళ్ళాను.

నౌషీన్ గారు ఆ ప్రయోగశాలకి పెద్ద. సన్నగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు బల్ల మీద కళ్ళద్దాలు వెతుక్కుంటూ ఉంటారు, అవి నెత్తిమీదే ఉంటాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే గిన్నె లాంటిది నెత్తిన దించారు.

"నీకు బాగా గుర్తున్నది ఒకటి తలుచుకో" అన్నారు.

పట్టా పుచ్చుకున్న రోజు తలుచుకున్నాను. నల్లటోపీ గాల్లోకి విసిరింది, అందరం అరిచింది. ఎదురుగా తెర మీద ఒక గీత కాస్త లేచి పడుకుంది.

"ఇది ఆగదు. ఇంకోటి."

మా అత్త కూతురి పెళ్ళి తలుచుకున్నాను. గీత లేవనే లేదు. నాకు చిరాకెత్తింది. నా జీవితంలో గుర్తుపెట్టుకోదగ్గది ఏదీ లేదని ఒక యంత్రం కూడా చెప్పాలా! అప్పుడే బయట రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. మోగగానే తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. నౌషీన్ గారు కుర్చీలోంచి ముందుకి వంగారు.

"ఇప్పుడేం తలుచుకున్నావు?"

"ఏం లేదు మేడం. మామూలుదే. మా నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కుడిచేత్తో ఎడమ భుజం రుద్దుకుంటాడు. గేరు మార్చీ మార్చీ నొప్పి. అది గుర్తొచ్చింది."

"ఎన్నాళ్ళు చూశావు అలా?"

"పుట్టినప్పటి నుంచీ."

"ఇదమ్మా నాకు కావలసింది" అని ఆవిడ నవ్వారు. "కొత్తగా చదివినది మరిచిపోతాం. రోజూ చూసినది మరవం. మరవనిదానికి చదివినదాన్ని తగిలించేస్తే సరి. మేం దీన్ని కొక్కెం అంటాం. మీ నాన్నగారిని అలాగే తలుచుకుంటూ తెర మీద వచ్చేది చదువు."

చదివాను. తేలు కుడితే ప్రజోసిన్. ఎర్ర తేలు విషానికి ఇచ్చే మందు అది. నెత్తిన చిన్నగా రొద అయింది, చెవుల వెనక చీమ పాకినట్టయింది, అంతే.

మధ్యాహ్నం క్యాంటీన్లో నేను ఇడ్లీ నోట్లో పెట్టుకుంటుంటే ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుని, ఏం మాట్లాడకుండా కుడిచేత్తో ఎడమ భుజం రుద్దుకున్నారు.

"ప్రజోసిన్" అంది నా నోరు. నేను అనలేదు, నా నోరు అంది. ఇడ్లీ ముక్క బయటపడింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో. ఇన్నేళ్ళుగా జల్లెడలో నీళ్ళు పోసినట్టు పోసుకున్నాను. మొదటిసారి ఒక చుక్క నిలిచింది.

"మరి ఆ జ్ఞాపకం ఏమైనా పాడవుతుందా మేడం?"

"చొక్కా తగిలిస్తే మేకు పాడవుతుందా?" అన్నారు నౌషీన్ గారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. సంతకం పెట్టేశాను.

తర్వాత నా టైంటేబుల్ ఆ యంత్రమే వేసింది. నా తలలో గట్టి జ్ఞాపకాలు ఏవో, బోలువి ఏవో పరీక్షించి చూసుకుని, పరీక్షకి ఎన్ని విషయాలు కావాలో లెక్కగట్టి, ఏ వారం దేనికి ఏది తగిలించాలో తేల్చింది. అందులో రంగులూ లేవు, ఆదివారం సాకులూ లేవు. గట్టివన్నీ మా ఇంటివే తేలాయి. పండగలూ పెళ్ళిళ్ళూ దేనికీ పనికిరాలేదు. అమ్మ పోపు వేసినప్పుడు ఆవాలు చిటపటలాడతాయే, అది పనికొచ్చింది. అమ్మ చేతి గాజుల చప్పుడు పనికొచ్చింది. సందు మొదట్లో నాన్న సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టడం, ఉతికిన ఖాకీ చొక్కా వాసన, కుక్కరు మూడో కూతకి అమ్మ "ఆపవే" అని అరవడం, అన్నీ పనికొచ్చాయి. నాకు నవ్వొచ్చింది. చెత్త అనుకున్నదంతా చక్కగా అమ్ముడుపోయినట్టుంది.

వారానికి రెండుసార్లు బస్సెక్కి విజయవాడ వెళ్ళడం, తగిలించుకుని రావడం, ఇంటి దగ్గర ప్రశ్నలు రాసుకోవడం. మార్కులు పెరిగాయి. మామూలుగా కాదు, నన్ను నేనే నమ్మలేనంతగా పెరిగాయి. కష్టమల్లా ఇంట్లో ఉండటంతోనే వచ్చింది.

"ఏంటే, పోపు వేస్తే అట్టా మొహం పెడతావు?" అనేది అమ్మ వంటింట్లోంచి.

"వార్ఫరిన్ ఎక్కువైతే విటమిన్ కె" అనేదాన్ని.

"కె ఏంటి? కరివేపాకా?"

ఆవాలు చిటపటమంటే విటమిన్ కె. అమ్మ గాజులు గలగలమంటే అమ్మ రాదు, పుట్టిన రోజునే వెయ్యాల్సిన బీసీజీ టీకా వస్తుంది. కుక్కరు కూతేస్తే గుండెపోటు లక్షణాలు: ఎడమ భుజం, దవడ, చెమట. నాన్న కుర్చీలో కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే తేలు, ప్రజోసిన్. మొదట్లో ఇది తమాషాగా ఉండేది. తర్వాత విసుగు పుట్టింది. ఆ తర్వాత కోపం. సొంత ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుందామంటే లేదు, ఎటు తిరిగితే అటు ఒక ప్రశ్న, ఒక జవాబు. అమ్మ పెరుగన్నం కలిపి ముద్ద నోటికి అందిస్తుంటే నాకు అమ్మ చెయ్యి కనబడటం మానేసి, కిడ్నీ వాపు లక్షణాలు వరసగా కనబడేవి. తిన్నట్టే ఉండేది కాదు. ఎవరి మీద అరవాలో తెలియక అమ్మ మీదే అరిచేదాన్ని.

అమ్మ తిరిగి అరిచేది కాదు. అది ఇంకా చిరాకు. అమ్మా నాన్నా ఏదో గుసగుసలాడుకుంటుండేవాళ్ళు. నేను రాగానే ఆపేసేవాళ్ళు.

"ఏంటి?"

"ఏం లేదు, నువ్వు చదువుకో."

ఒక సోమవారం ఇద్దరూ గుడికని ఆటోలో వెళ్ళి మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చాక ప్రసాదం ఏదంటే అమ్మ నాన్న మొహం చూసింది. "తినేశాంలే" అన్నాడు నాన్న, తేలు కుట్టిన దొంగలా. బజారుకి నడిచి వెళ్ళే మనిషి ఈమధ్య కూర్చున్న చోటికే కూరలబండిని పిలుస్తున్నాడు. నాకు సంబంధం చూస్తున్నారేమో, పరీక్షయ్యాక చెబుతారేమో అనుకున్నాను. అడిగితే మళ్ళీ అదే పాట, నువ్వు చదువుకో. సరే, చదువుకున్నాను.

పరీక్ష దగ్గరపడే సమయంలో తేలు నన్ను చంపుకు తినడం మొదలుపెట్టింది. ఇదివరకు సాయంత్రం పూట ఒకసారి వచ్చేది. ఇప్పుడు పొద్దున కాఫీ దగ్గర వస్తోంది, నాన్న పెరట్లోంచి బకెట్టు తెస్తుంటే వస్తోంది, భోజనాల దగ్గర వస్తోంది. పిల్లల వైద్యం చదువుకుందామని కూర్చుంటే మధ్యలో ప్రజోసిన్, ప్రజోసిన్. కోపంతో ప్రయోగశాలకి వెళ్ళాను.

"ఆ కొక్కెం చెడిపోయింది మేడం. ఊరికే మోగుతోంది. తీసేయండి."

నౌషీన్ గారు గిన్నె దించి పరీక్షించారు. తెర చూశారు, మళ్ళీ చూశారు.

"బాగానే ఉంది బిందూ. కొక్కెం దానంతట అది మోగదు. ఎదురుగా ఏదైనా ఉంటేనే మోగుతుంది. మీ నాన్నగారు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారా?"

"రిటైరయ్యాడుగా. పొద్దస్తమానం ఇంట్లోనే."

"అదే అయ్యుంటుంది."

ఆవిడకి జవాబు దొరికింది, నాకూ దొరికింది. ఇద్దరం తృప్తిపడ్డాం. కానీ నా కోపం పూర్తిగా తీరలేదు.

"మీరు మేకు పాడవదన్నారు. నిజమే మేడం, పాడవలేదు. కానీ చొక్కా తగిలించాక మేకు కనపడదు. చొక్కాయే కనపడుతుంది. నాకు మా నాన్న కనబడటం లేదు. తేలు కనబడుతోంది."

ఆవిడ బల్ల మీద పెన్ను వెతుక్కున్నారు. "బాగా చెప్పావు. నా వ్యాసంలో రాస్తాను" అన్నారు. ఇంక ఆవిడతో ఏం పోట్లాడతాను?

పరీక్ష విజయవాడలో పడింది. వద్దంటే వినకుండా నాన్న వెంట వచ్చాడు. కేంద్రం పెద్ద కాలేజీ, హాలు పై అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచెయ్యడం లేదని కాగితం అంటించారు. నా సంచీ నేనే మోసుకుంటానన్నా ఇవ్వలేదు. మెట్ల మలుపు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు పో అమ్మా. చెప్పు తెగినట్టుంది, చూసుకుని వస్తా."

తేలు వచ్చింది. పరీక్ష ముందు కూడా ఇదేనా అని పళ్ళు కొరుక్కుంటూ సంచీ లాక్కుని ఎక్కేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా కనబడేది తేలే కదా.

పరీక్ష రెండు భాగాలు, మధ్యలో విరామం. మొదటి భాగం రాసినంతసేపూ నాకు ఒళ్ళు పులకరించింది, అసహ్యమూ వేసింది. ప్రశ్న చదవగానే మా ఇంట్లోంచి ఏదో ఒక చప్పుడో వాసనో వచ్చి జవాబు చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, నానమ్మ ఊయల కిర్రుమంటూ వచ్చింది. ఎవరూ మొహం చూపించలేదు. ఒక్కదానికీ తడుముకోలేదు. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది: అరవై దాటిన పురుషుడు, మెట్లెక్కితే ఎడమ భుజం, దవడ లాగుతాయి, చెమట పడుతుంది. ఇదివరకు ఆగితే తగ్గేది, ఈమధ్య ఊరికే కూర్చున్నా వస్తోంది. మొదట ఏం చేస్తారు? నా తలలో కుక్కరు మూడో కూత వేసింది. వెంటనే ఈసీజీ తీసి ఆసుపత్రిలో చేర్చాలి. నొక్కాను. తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

విరామంలో కిందికి దిగాను. ఈసారి పాసవుతానని తెలిసిపోయింది. అనుకోవడం కాదు, తెలిసిపోయింది. నాన్న స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అమ్మ కట్టిచ్చిన దద్దోజనం డబ్బా, మూత తియ్యలేదు.

"ఎట్టా రాశావమ్మా?" అన్నాడు.

"బాగా రాశా నాన్నా. అన్నీ..."

తేలు. ప్రజోసిన్.

"నువ్వేం తినలేదేం?"

"పొద్దున తిన్నది అరగలేదమ్మా, గ్యాసు. నువ్వు తిను."

తేలు. మళ్ళీ తేలు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే తేలు. నీళ్ళు తాగితే తేలు. నాకు తిక్క రేగింది. ఇంకో సగం పరీక్ష ఉంది, ప్రశాంతంగా రెండు ముద్దలు తిననివ్వదా ఈ దిక్కుమాలిన తేలు? ఇవాళ ఎందుకు ఇన్నిసార్లు వస్తోంది?

కొక్కెం దానంతట అది మోగదు. ఎదురుగా ఏదైనా ఉంటేనే మోగుతుంది.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తేలు వచ్చిన ప్రతిసారీ నాన్న భుజం మీద చెయ్యి వేస్తున్నాడన్నమాట. నెలకి పైగా, రోజు రోజుకీ ఎక్కువగా. గేరు నొప్పేగా అంటే, గేరు వదిలేసి ఏడాది దాటిన మనిషికి గేరు నొప్పి పెరగడం ఏంటి? నేను ఆయన్ని చూశాను. గట్టిగా చూశాను. ఎంత గట్టిగా చూస్తే అంత గట్టిగా తేలే కనబడింది. నా కన్నతండ్రి ఎదురుగా కూర్చుని ఉంటే నాకు కనబడటం లేదు. నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపించింది.

కళ్ళు మూసుకున్నాను.

"నాన్నా, నేను చూడను. నువ్వేం చేస్తున్నావో నోటితో చెప్పు. నీ కుడిచెయ్యి ఎక్కడుంది?"

"ఏంటమ్మా ఈ ఆటలు? గంట కొడతారు, తినేసి పో."

"చెయ్యి ఎక్కడుంది నాన్నా?"

"భుజం మీద."

"ఎందుకు?"

"అలవాటేగా."

కళ్ళు మూసుకునే ఆయన చెయ్యి వెతికి పట్టుకున్నాను. మణికట్టు చల్లగా, తడిగా ఉంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రేకుల కింద ఉక్కపోతే కావచ్చు. ఒక తెలియని పేషెంటుని అడిగినట్టు అడిగాను.

"దవడ లాగుతోందా?"

చెయ్యి లాక్కోబోయాడు, నేను వదల్లేదు.

"పొద్దున మెట్ల దగ్గర నీ చెప్పు తెగిందా?"

"నువ్వు లోపలికి పో బిందమ్మా. పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం."

అయ్యాక. ఆ మాట వినగానే నాకు ఏ జవాబూ గుర్తుకు రాలేదు. దానికి యంత్రం ఏదీ తగిలించలేదు. నానమ్మ ఫొటో ఉన్నది ఉన్నట్టు కనబడింది.

"అయ్యాక అంటే ఏంటో నాకు తెలుసు నాన్నా. చెరుకురసం సీసా పట్టుకుని నిలబడింది నేను, మీరు కాదు. నిజం చెప్పు."

నాన్న చెప్పాడు. ఆయన గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు.

"నెల పైనే అయిందమ్మా. ఆ సోమవారం గుడికి కాదు, డాక్టరు దగ్గరికెళ్ళాం. గుండెకి సంబంధించింది, వెంటనే విజయవాడ తీసుకెళ్ళమన్నాడు. నీకు ఇదే ఆఖరిసారి కదా. నీ పరీక్ష అయ్యేదాకా మాత్రలతో నెట్టుకొద్దామని మీ అమ్మా నేనూ అనుకున్నాం. ఇవాళ పొద్దుటి నుంచి మాత్రం దవడ లాగుతోంది."

గంట మోగింది. మెట్ల దగ్గర అందరూ వరస కడుతున్న చప్పుడు వినబడింది. గేటు దగ్గర కాపలా ఆయన "గేటు వేసేస్తన్నామమ్మా" అని అరిచాడు.

"నేనొక్కణ్ణే ఆటోలో పోతా. నువ్వు పోయి రాయి" అన్నాడు నాన్న. వెళ్ళడని నాకు తెలుసు. నెల రోజులు నా కళ్ళముందే తిరుగుతూ దాచినవాడు, సందు చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఇదే దిమ్మ మీద వచ్చి కూర్చుంటాడు. నేను కదలకపోయేసరికి ఈసారి చెయ్యి విడిపించుకున్నాడు. "నీకు దణ్ణం పెడతానమ్మా. పోయి రాయి. సగం రాసేశావు."

కన్నతండ్రి దణ్ణం పెడుతుంటే చూడటం ఎంత పాపమో నాకు తెలుసు. కళ్ళు తెరిచి చూశాను. చేతులు జోడించి ఉన్నాయి కాబట్టి తేలు రాలేదు. నాన్న కనబడ్డాడు. ఎంతో కాలానికి కనబడ్డాడు. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి, చెంపలు జారాయి. ఇదంతా ఇంటి మొత్తానికీ కనబడి, డాక్టరు చదివిన నాకు కనబడలేదు.

ఎదురుగా మందుల షాపులో ఆస్పిరిన్ కొని నమిలించాను. లైసెన్సు లేని నేను వేసిన మొదటి మందు అది. ఆటో ఎక్కించాను. వెనక గేటు మూసిన చప్పుడు వినబడింది.

ఆసుపత్రిలో తేలింది, గుండె నాళాలు రెండు మూసుకుపోయాయి. అప్పటికప్పుడు లోపలికి తీసుకెళ్ళి స్టెంట్లు వేశారు. "సాయంత్రం దాకా ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు అక్కడి డాక్టరు. నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు, మెడలో స్టెతస్కోపు ఉంది.

అమ్మ బందరు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూడగానే మొదట అన్న మాట, "పరీక్ష?"

నాకు వచ్చిన కోపానికి ఆ ఆసుపత్రి కప్పు ఎగిరిపోవలసింది. నోరు తెరిచాను. అమ్మ మొహం చూసి మూసేశాను. అమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తుంటే గాజులు గలగలమన్నాయి. బీసీజీ టీకా వచ్చింది. ఆ సమయంలో కూడా నన్ను వదల్లేదు.

తెలివి వచ్చాక నాన్న మెల్లగా అడిగాడు. "సగం రాశావుగా. అన్నీ బాగా రాశానన్నావు. సగానికి సగం మార్కులు వెయ్యరా?"

వెయ్యరు. అర్జీ పెట్టుకున్నాను. కుటుంబ సభ్యుల అనారోగ్యం మినహాయింపు కిందికి రాదని జవాబు వచ్చింది. రెండో భాగానికి గైర్హాజరు కాబట్టి తప్పినట్టే. మూడు ప్రయత్నాలూ పూర్తయ్యాయి. మొదటి భాగంలో నాకు వచ్చిన మార్కులు చూసి నౌషీన్ గారి కళ్ళు చెమర్చాయి. అన్ని మార్కులు ఎవరికీ రాలేదట.

"ఇవన్నీ తీసేయండి మేడం" అన్నాను. "ఇంక నాకు వీటితో పని లేదు. మా ఇల్లు నాకు ఇచ్చేయండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "తగిలించడం వరకే మాకు తెలుసు బిందూ. తియ్యడం ఇంకా తెలియదు. ఇంటి జ్ఞాపకాలు ఇంక ఎవరి దగ్గరా వాడకూడదని మావాళ్ళకి చెప్పేశాను."

"మరేం వాడతారు?"

"అదే తెలియడం లేదు. మిగతావేవీ గట్టిగా ఉండటం లేదు."

ఆవిడని తిట్టాలని బస్సెక్కి వెళ్ళినదాన్ని. తిట్టకుండానే తిరిగొచ్చాను. నిజానికి ఆవిడ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది మా ఇల్లు.

నాన్న కోలుకుని ఇంటికి వచ్చాక తేలు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. ఆ రోజు నుంచి ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంటున్నాడు, ఫొటోకి కూర్చున్నట్టు. చెయ్యి అలవాటుగా లేవబోతుంది, నా వైపు చూసి దింపేసుకుంటాడు. తేలు రావడం మానేసింది. కానీ ఆ బిగుసుకుని కూర్చున్న మనిషి మా నాన్నలా లేడు. గోడ మీది టైంటేబుల్ చింపేసిన చోట సున్నం కూడా ఊడొచ్చింది. అటూ చూడలేను, ఇటూ చూడలేను.

నిన్న సాయంత్రం కుర్చీ పక్కనే అరుగు మీద కూర్చున్నాను. లోపల అమ్మ కుక్కరు పెట్టింది. నాన్న చెయ్యి సగం లేచి ఆగింది.

"రుద్దుకో నాన్నా" అన్నాను.

"తేలు వస్తదిగా."

"రానీ. నేను కళ్ళు మూసుకుంటా. నువ్వు చెబుతూ ఉండు."

మూసుకున్నాను. కుర్చీ కిర్రుమంది.

"రుద్దుకుంటున్నా" అన్నాడు.

"ఎక్కడ?"

"ఎప్పుడూ రుద్దుకునే చోటే. పెడన దగ్గర మలుపు ఉంటది చూడు, అక్కడ గేరు ఒకపట్టాన పడేది కాదు. లాగీ లాగీ భుజం ఊడొచ్చేది. ఇంటికొస్తే నువ్వు నా ఒళ్ళో ఎక్కి ఈ చెయ్యి తీసేసి నీ చేత్తో రుద్దేదానివి. నీ చెయ్యి పట్టేంత చోటే రుద్దేదానివి, అంతకన్నా అందేది కాదు."

ఆయన చెబుతుంటే కనబడింది. తేలు లేదు, మందు లేదు. ఖాకీ చొక్కా మీద నా చిన్న చెయ్యి కనబడింది.

"ఇప్పుడు నొప్పేమైనా ఉందా?"

"లేదమ్మా. ఊరికే అలవాటు."

"నిజమేనా?"

"నిజమే" అన్నాడు నాన్న. "నీ పరీక్షలు అయిపోయినయ్యిగా, ఇంకెందుకమ్మా అబద్ధం?"